ముల్లు చెప్పిన వంతు

ఆ పైపుకు కొబ్బరికాయ కొట్టింది అంబదాస్. తర్వాత జరిగిన దానికి మా ఇంట్లో ఒకరినొకరం ఎన్నో అనుకున్నాం గాని, ఆ కొబ్బరికాయను మాత్రం చాలా రోజుల దాకా ఎవరమూ తలచుకోలేదు. అందుకే ముందుగా దాన్నే చెబుతున్నాను.

అంబదాస్ మా చుట్టుపక్కల ఊళ్లకు గ్రామసేవకుడు. ఆదిలాబాద్ అవతల పెన్‌గంగ ఒడ్డు మనిషి. మరాఠీ అలవాటున మా ఆయనను ‘భావూ’ అని, నన్ను ‘వహినీ’ అని, అన్నా వదినా అన్నట్టు పిలిచేవాడు. వానలు వెనకబడ్డ ఆ ఏడు భాద్రపదంలో మెట్‌పల్లి నుంచి సైకిలు మీద వచ్చాడు. ఒక చేత్తో సైకిలు పట్టుకొని, రెండో చేత్తో గోనెపట్టాలో చుట్టిన వస్తువునొకదాన్ని పసిగుడ్డును పొదువుకున్నట్టు పొదువుకొని వచ్చాడు.

విప్పి చూపించాడు. మూరెడు కంటే కాస్త పొడవైన గొట్టం. అడుగున సుద్దలాంటి తెల్లటి మట్టి బుడ్డి. పైన గడియారం ముఖం లాంటి బిళ్ల, దానిలో ఒకే ఒక ముల్లు.

“ఒక్క ముల్లే ఉన్నది. టైం ఎట్ల చెప్తది?” అన్నాడు మా ఆయన ముత్యం.

“టైమే చెప్తది భావూ. నీళ్లు కట్టే టైం.”

మా అత్త బుచ్చవ్వ అరుగు మీద కూచొని చింతపండు గింజ తీస్తోంది. తల ఎత్తకుండానే, “నీళ్లు ఎప్పుడు కట్టాల్నో ఎడ్లకు తెలుసు, మాకు తెలుసు. నడుమ గిదెవ్వతె?” అంది.

అంబదాస్ నవ్వాడు. ఆమె ఎదుట గొంతుక్కూచున్నాడు. “అవ్వా, నేలల తడి ఉన్నదా లేదా అంటె మట్టి పిసికి ఎవ్వరైన చెప్తరు. గా తడిని నేల ఎంత గట్టిగ పట్టుకున్నదో ఎట్ల తెలుస్తది? పైరుకు కావాల్సింది గదే. నేల గట్టిగ పట్టుకుంటె వేరు ఎంత గుంజినా రాదు. ఈ గొట్టం నిండ నీళ్లు పోస్తం. నేల ఎండినకొద్ది గీ మట్టి బుడ్డిలకెల్లి నీళ్లను గుంజుకుంటది. ఎంత జోరుగ గుంజుతున్నదో ముల్లు చెప్తది. అది యాభై దాటిందంటె నీళ్లు కట్టాలె.”

“అంటె మా పెద్దోని లెక్క. పైస ఇంట్ల ఉంటది గని చేతిలకెల్లి రాదు,” అంది మా అత్త.

అందరం నవ్వాం. నడిమి గోడ అవతల నుంచి మా తోటికోడలు సమ్మవ్వ అక్క, “వినవడుతున్నదత్తా!” అని కేకేసింది. అప్పటికి అలాంటి మాటలకు నవ్వుకునే రోజులే మావి. ఇల్లు పంచుకున్నాం, చేను పంచుకున్నాం. బావి పంచుకోవడానికి కుదరదు గనుక అది పొత్తులోనే ఉంది.

మరునాడు పసుపు చేనులో పైపు పాతారు. అంబదాస్ సన్నటి గుంత తీసి, మెత్తటి మట్టిని బురద చేసి పోసి, అందులోకి గొట్టాన్ని దింపి చుట్టూ చేత్తో అదిమాడు. ఆ తర్వాత సంచిలోంచి కొబ్బరికాయ తీశాడు. అతనికి అలవాటు. విత్తనాల గొర్రు తెచ్చినా, మందు కొట్టే డబ్బా తెచ్చినా ముందు కొబ్బరికాయ కొట్టేవాడు. కొట్టకపోతే మా వైపు ఎవరూ ఆ వస్తువు దగ్గరికి రారని అతని అనుభవం. బిళ్ల మీద పసుపు రాసి, కుంకుమ పెట్టి, ఊదుబత్తి వెలిగించి కొట్టాడు. కాయ సమంగా పగిలింది. మా అత్త కొంగు తల మీదికి లాక్కొని దండం పెట్టుకుంది. మేమూ పెట్టుకున్నాం.

*

బావి వంతుకు మా ఊళ్లో ఒక కట్టడి ఉండేది. ఒకనాడు పెద్దపాలు, ఒకనాడు చిన్నపాలు. ఎవరి వంతు నాడు వాళ్లు, గిరక నీడ మోటదారి మొదటి రాయి మీద పడేలోగా ఎడ్లను కట్టాలి. కట్టకపోతే ఆనాటి నీళ్లు అవతలి పాలివాడివి. అడగడానికి లేదు, అలగడానికి లేదు.

ఆ ఏడు బావిలో ఊట సన్నగిల్లింది. ఒకరు మోట తోలితే మధ్యాహ్నానికల్లా అడుగు రాళ్లు కనబడేవి. మా బావ పర్శరాములుకూ మా ఆయనకూ రోజూ ఏదో ఒకటి. నిన్న నువ్వు ఎక్కువ తోడినవ్, నీ ఎడ్లు ఆలస్యంగ వచ్చినయ్, నీ కాలువ తెగింది. ఆ గొడవ తెగ్గొట్టడానికే మా ఆయన ఆ మాట అన్నాడు.

“అన్నా, నాకు గీ పంచాదులన్ని వద్దు. ముల్లు చెప్పిననాడే నేను మోట కడ్త. చెప్పననాడు వంతు నీకే ఇడుస్త.”

మా బావ అనుమానంగా చూశాడు. “యాభై దాటకపోతె కట్టవా?”

“కట్ట.”

“ఆకు ముడుచుకున్నా కట్టవా?”

“ముల్లు చెప్పక ముందు ఆకు ముడుచుకోదు.”

“ఉత్త మాట నాకొద్దు. అవ్వ చేతిల చెయ్యేసి చెప్పు.”

మా అత్త చేయి చాచింది. ముత్యం తన చేయి వేశాడు, దాని మీద మా బావ వేశాడు. ఇద్దరు కొడుకుల చేతుల కింద ఆమె చేయి నలిగినట్టు కనబడింది నాకు. ఆమె మాత్రం, “మంచిగుండుండ్రి,” అని తీసేసుకుంది.

మొదట్లో అంతా అంబదాస్ చెప్పినట్టే జరిగింది. నేను నీళ్లు మరిగించి చల్లార్చి చెంబులో మూత పెట్టి ఉంచేదాన్ని. గొట్టంలో నీళ్లు తగ్గితే వాటితో నింపాలి. పచ్చి నీళ్లు పోస్తే గాలిబుడగలు పుట్టి ముల్లు అబద్ధం చెబుతుందట. రోజు రోజుకూ ముల్లు పైకి జరిగేది. యాభై దాటిననాడు ముత్యం పొద్దున్నే ఎడ్లను కట్టేవాడు. తడి పారాక ముల్లు కిందికి వచ్చేసేది. మధ్యలో వంతులు విడిచినా పసుపు పచ్చగానే ఉంది. పసుపు సాళ్ల నడుమ నీడకు వేసిన మక్క కంకి పట్టింది.

“చూసినవా అనసూర్యా,” అనేవాడు మా ఆయన. “ఉత్తగనే పోస్తుండెనే మనం ఇన్నేండ్లు.”

మా బావ కూడా సంతోషించాడు. దొరికిన నీళ్లను చూసుకొని, ఎన్నడూ తడి పంట వేయని చెల్కలో ఉల్లినారు వేశాడు. “తమ్మునికి ముల్లు, నాకు ఉల్లి,” అని నలుగురిలో చెప్పుకొని నవ్వేవాడు.

దసరా ముందర మక్క కోశాం. దాంతో పసుపుకు నీడ పోయింది. అంబదాస్‌ను ఇంకెవరి బదులుకో లక్సెట్టిపేట వైపు పంపారు. “నెలకొకసారి వస్త వహినీ, ఫికర్ చెయ్యకుండ్రి,” అని పోయాడు.

*

మక్క కోశాక ముల్లు కదలడం మానేసింది.

మొదట మాకు మంచిదనే అనిపించింది. మొదటి వారం అది పదిహేను దగ్గర నిలబడింది. ముత్యం వంతు విడిచాడు. మళ్లీ చూస్తే పన్నెండు. మళ్లీ విడిచాడు. నేను మరిగించి పెట్టిన నీళ్లు చెంబులో అట్లాగే ఉండిపోయేవి, గొట్టంలో నీళ్లు తగ్గడం లేదు గనుక. ఒకనాడు ఆ నీళ్లను పప్పులో పోసేశాను.

తర్వాత ఆకుల అంచులు వాడాయి. పొద్దున విచ్చుకొని మధ్యాహ్నం ముడుచుకునేవి. మరికొన్ని రోజులకు పొద్దున కూడా విచ్చుకోవడం మానేశాయి. చేను మీద నుంచి గాలి వస్తే ఎండుటాకుల గలగల వినబడేది. కార్తీకంలో పసుపు చేను అట్లా చప్పుడు చేయకూడదు. దుంప ఊరే కాలం అది.

“ఇయ్యాల కట్టు,” అన్నాను.

“పదే ఉన్నది.”

“అది పది అంటది. ఆకు ఇంకోటి అంటున్నది.”

“అవ్వ చేతిల చెయ్యేసిన, అనసూర్యా.”

“అవ్వ చేతిల చెయ్యేసినవా, పంటను పెట్టినవా?”

ఆయన అన్నం ముందు కూచొని మెతుకులు కలుపుతూ ఉండిపోయాడు. ఆ చేను తప్ప మాకు ఇంకో ఆధారం లేదు. మా చిన్నది అప్పుడు నా కడుపులో ఉంది. ఆ పసుపు ఎండితే ఏడాదంతా సమ్మవ్వ అక్క గోడ మీదుగా అందిస్తే తినే బతుకు మాది. ఆ సంగతి ఆయనకూ తెలుసు. తెలిసినా మాట తప్పితే, రేపు అన్న ఊరందరి ఎదుట ‘చిన్నోని మాట నీళ్ల మీద రాత’ అంటాడని ఆయన బాధ.

ఒకసారి బావి దగ్గరికి పోయి అన్నను అడిగాడు. నేను తడి బట్టలు ఆరేస్తూ విన్నాను.

“అన్నా, ముల్లు చెడిపోయినట్టున్నది. సారు వచ్చేదాక పాత లెక్కనే వంతు పెట్టుకుందాం.”

మా బావ వెంటనే కాదనలేదు. తడి ఆరని ఉల్లిమడుల వైపు చూశాడు. “నారు పెట్టినంక గీ మాట అంటివి. ఇప్పుడు నీళ్లు తప్పితె నాది పోతది. ముల్లు చెడిపోయిందని ముల్లు చెప్పిందా, నువ్వు చెప్తున్నవా?”

“ఆకు చెప్తున్నది.”

“ఆకు సంగతి నేను ఆనాడే అడిగిన. నువ్వే వద్దంటివి.”

అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ముత్యం తిరిగి వచ్చేశాడు.

ఆ సాయంత్రం ఆయన గడ్డపార తీసుకొని చేనంతా తిరిగాడు. సాలుకొక చోట గుచ్చి చూశాడు. ఎక్కడ గుచ్చినా గడ్డపార ఖణేల్‌మని మోగింది. పైపు దగ్గర గుచ్చితే మాత్రం మెత్తగా దిగిపోయింది. తీసి చూస్తే మొనకు నల్లటి తడి మట్టి. పైపు చుట్టూ చేటంత మేర పసుపు మొక్కలు నిగనిగలాడుతున్నాయి. ఎండిన చేను నడుమ అంతమేరే పచ్చదనం.

ఆయన మొనకు అంటిన మట్టిని వేళ్ల నడుమ నలిపాడు.

“ఎవరో పోస్తున్నరు,” అన్నాడు.

“ఏంది?”

“నీళ్లు. పైపు కాడ రోజు ఎవరో నీళ్లు పోస్తున్నరు. ముల్లు లేవకుంట.”

అక్కడ గట్టు మీద ఒక కాలిబాట ఉంది. అది మా చేను అంచు నుంచి ఉల్లిమడులకు పోతుంది. రోజూ ఆ బాటన బిందె పట్టుకొని నడిచే మనిషి సమ్మవ్వ అక్క ఒక్కతే. ఆయన ఆ బాట వైపు చూశాడు. నేనూ చూశాను. పేరు ఇద్దరం అనలేదు.

ఇంటికి వస్తూ దారిలో, “అక్క అసొంటిది కాదు,” అన్నాను.

“నేను పేరు తీసిన్నా?”

“తియ్యలే. గని చూసినవ్.”

“ముల్లు లేవకుంటె ఎవ్వరికి లాభం? నువ్వే చెప్పు.”

కొత్త కోడలిగా వచ్చినప్పుడు నాకు ఆ ఇంట్లో పొయ్యి ఊదడం నేర్పిన మనిషి సమ్మవ్వ అక్క. నా మొదటి కాన్పుకు మా అవ్వ రాలేకపోతే నన్ను వొళ్లో పెట్టుకొని కూచున్నది ఆమె. ఆయన అడిగింది మాత్రం కొట్టిపారేయడానికి లేకుండా ఉంది.

“పొద్దుగాల చూస్త,” అన్నాడు ఆయన. ముల్లుకర్రను చూరులోంచి తీసి గోడకు ఆనించాడు. ఎడ్లను తోలే కర్ర అది. మరునాటి వంతు మాది కాదు. ఎడ్లతో పని లేదు.

*

తెల్లవారుతుండగా లేచాను. ఆయన పక్క అప్పటికే ఖాళీగా ఉంది. గోడకు కర్ర లేదు. చెప్పులు కూడా వేసుకోకుండా చేను వైపు నడిచాను.

మంచు పట్టి ఉంది. గట్టు ఎక్కేసరికి పైపు దగ్గర ఒక మనిషి వంగి ఉండడం కనబడింది. ఆడమనిషి. తల మీద కొంగు. నేను ఉన్నచోటే నిలబడిపోయాను. సమ్మవ్వ అక్కే అయితే ఏం చేయాలో నాకు తోచలేదు. పిలవాలా, వెనక్కి పోవాలా, ఆయన కంటబడక ముందే చెయ్యి పట్టి లాక్కుపోవాలా?

ఆ మనిషి నడుము పట్టుకొని లేచింది. నడుము పట్టుకొని లేచే తీరు నాకు తెలుసు. మా అత్త.

చేతిలో ఇత్తడి చెంబు. చెంబులో పసుపు నీళ్లు, వేపరెమ్మ. పైపు చుట్టూ తిరుగుతూ సన్నటి ధారగా సాక పోసింది. రెమ్మతో బిళ్ల మీద చిలకరించింది. రొంటి నుంచి కుంకుమ తీసి బొట్టు పెట్టింది. ఆ బిళ్ల మీద కుంకుమ ఎన్నడూ మాసిపోకపోవడం అప్పుడు గుర్తుకొచ్చింది నాకు. మిగిలిన నీళ్లను పైపు మొదట్లో వంపేసి దండం పెట్టుకుంది. ధార గొట్టం వెంబడే నేలలోకి ఇంకిపోయింది. కింద ఆ తెల్లటి బుడ్డి ఆ నీళ్లు తాగి, నేలంతా తడిగానే ఉందని రోజూ మాకు చెబుతూ వచ్చింది.

“అత్తా,” అని పిలిచాను.

ఆమె నన్ను చూసి, మాట్లాడవద్దని వేలు పెదవుల మీద పెట్టుకుంది. సాక పోసి ఇంటికి వచ్చి చెంబు దించేదాకా ఆమె నోరు విప్పదు. పోచమ్మకు పోసినా, ఎల్లమ్మకు పోసినా అదే నియమం. పెండ్లయి వచ్చిన నాటి నుంచి చూస్తున్నాను.

అప్పుడే బావి వైపు నుంచి అరుపు వినబడింది.

*

నేను పరుగెత్తాను. మా అత్త వెనకే వస్తోంది.

మా బావ ఎడ్లు మోటదారి తల మీద నిలబడి ఉన్నాయి. ఒకదానికి కాడి వేసి ఉంది, రెండోదానికి లేదు. సమ్మవ్వ అక్క నెత్తి మీద ఉల్లినారు గంప. పైపు దాకా పోకుండా ఇక్కడే ఆమెకు అడ్డంగా నిలబడ్డాడు ముత్యం. చేతిలో ముల్లుకర్ర.

“నీ పెండ్లాన్నే అడుగు!” అంటున్నాడు మా ఆయన. “గా బాటన రోజు బిందె ఎత్తుకొని పోయేదెవ్వరు? నా పైపు మొదట్ల నీళ్లు పోసి నా పంటను మాడగొట్టెదెవ్వరు?”

సమ్మవ్వ అక్క గంపను రెండు చేతులతో పట్టుకుంది. “నేనా? ముత్యం, నేనా?”

“నువ్వు గాకపోతె నీ ఉల్లిమడులు వచ్చి పోసినయా?”

“వదిననురా అది!” అన్నాడు మా బావ. కాడిని కింద పడేశాడు. ఎడ్లు బెదిరి వెనక్కి జరిగాయి. మా బావ చేతికి మోకు ముడి దొరికింది. “నీకు పెండ్లిల పసుపు రాసిన చెయ్యి అది. దొంగ అంటవా? ఇంకొక్కసారి అను.”

“అంట. నూరుసార్లంట.”

ఆయన కర్ర లేచింది. మా బావ ఒక అడుగు ముందుకు వేశాడు. వెనక బావి. ఒర కూడా లేని బావి అది. నేను ఇద్దరి నడుమకు పోలేదు. కడుపుతో ఉన్నాను. పోయినా నన్ను తోసేసేవాళ్లే.

మా అత్త వచ్చి నా పక్కన నిలబడింది. చేతిలో చెంబు. పరుగున రావడం వల్ల రొప్పుతోంది. కొడుకులిద్దరినీ చూసింది. నోరు తెరవబోయి మూసుకుంది. ఇల్లు రాలేదు, చెంబు దించలేదు. కళ్లు మాత్రం నన్ను బతిమాలుతున్నాయి, వాళ్లను ఆపమని.

నేను ఆమె చేతిలోంచి చెంబు తీసుకున్నాను. తీసుకొని మోటదారి రాయి మీద పెట్టాను. ఇత్తడి రాయికి తగిలి చప్పుడైంది.

“అత్తా, చెంబు దించిన. ఇగ మాట్లాడొచ్చు,” అన్నాను. “రేపటి సాకకు వేపాకు నేను తెంపుకొస్త. పెరట్లది తేవాల్నా, బాట మీదిది తేవాల్నా?”

ఇంత గొడవ నడుమ ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది. అయినా అలవాటు కొద్దీ చెప్పింది.

“పెరట్లదే లేతగుంటది బిడ్డా. నిన్న బాట మీదిది తెస్తె ముదిరింది. పాపం కొబ్బరికాయ కొట్టి నిలబెట్టిన పైపు. మక్క కోసినకాన్నుంచి ఎండకు మాడుతున్నది. దానికన్న చల్లగ పొయ్యకపోతె ఎట్ల?”

గిరక గాలికి కిర్రుమంది.

మా ఆయన చెంబు వైపు చూశాడు. అంచుకు పసుపు తడి, అడుగున రెండు వేపాకులు అంటుకొని ఉన్నాయి. కర్ర మెల్లగా కిందికి దిగింది. మా బావ చేతిలోని మోకు వదులైంది.

“ఏందిర? ఏమైంది?” అని మా అత్త ఒక్కొక్కరి ముఖంలోకి చూసింది. “గట్ల చూస్తుండ్రేంది?”

మా ఆయన కర్రను కింద పెట్టేశాడు.

గిరక నీడ ఇంకా మొదటి రాయిని తాకలేదు. వంతు ఎట్లాగూ మా బావదే. పైగా మాట అవ్వ చేతిలో వేసిన మాట. మా బావ నీడను చూశాడు. గంపలో వాడుతున్న నారును చూశాడు. తల్లిని చూశాడు. ఆ తర్వాత కాడి వేసి ఉన్న ఎద్దు దగ్గరికి పోయి, మెడ మీది పట్టెడ విప్పాడు.

“నీ ఎడ్లు తోలుకరా పో,” అన్నాడు తమ్ముడితో, ముఖం అటు తిప్పుకొని. “ముల్లును తిప్పింది అవ్వనే అయినంక, అవ్వ చేతిల ఏసిన మాట ఏడిది?”

ముత్యం సమ్మవ్వ అక్క వైపు తిరిగాడు. “వదినా…” అన్నాడు.

సమ్మవ్వ అక్క గంప దించలేదు. “నీళ్లు మా ఆయిన ఇస్తుండు, తీసుకో,” అంది. “నా మాట మాత్రం నీకు లేదు. నన్ను ఏమన్నవో గీ బావి ఇన్నది.”

గంపతో అట్లాగే ఇంటికి వెళ్లిపోయింది.

*

మా అత్తకు విషయం చెప్పే పని నా మీదే పడింది. పొయ్యి దగ్గర కూచోబెట్టి కొత్త కుండను చూపించాను. నీళ్లు పోస్తే కుండ బయటికి చెమర్చినట్టే, ఆ బుడ్డి కూడా మట్టిదేనని, దాని మొదట్లో నీళ్లు పోస్తే చేనంతా తడిసినట్టు ముల్లు అనుకుంటుందని చెప్పాను. ఆమె అంతా విన్నది.

“అంటె పంటను నేనే ఎండగొట్టిన్నా?”

“కొబ్బరికాయ కొట్టినాయనకే తట్టలేదు. నీకెట్ల తెలుస్తదత్తా?”

ఆమె ఆ పూట అన్నం తినలేదు. మరునాడు పొద్దున చూస్తే ఇంట్లో లేదు. చేనుకు పోయి చూశాను. బావి అవతల, కాలువ తడి అందని మెరక సాళ్లలో ఉంది. అదే ఇత్తడి చెంబుతో గోలెంలోంచి నీళ్లు తెచ్చి మొక్క మొక్కకూ పోస్తోంది. వద్దంటే వినలేదు. నేనూ బిందె తెచ్చుకున్నాను. గట్టు మీద సమ్మవ్వ అక్క నిలబడి కాసేపు చూసింది. తర్వాత నా చేతిలో బిందె లాక్కొని, “కడుపుతోని బిందెలు మోస్తె ఎవ్వరు జవాబుదారి?” అని తనే మోసింది. ముత్యం వస్తున్న అలికిడి కాగానే బిందె అక్కడే పెట్టి వెళ్లిపోయింది.

అంబదాస్ తిరిగి వచ్చాక, విని ముందు నవ్వాడు. తర్వాత మా చేను చూసి నవ్వు ఆపాడు. పైపు దగ్గర కూచొని రుమాలుతో బిళ్ల మీది కుంకుమ తుడిచాడు. “కొట్టింది నేనే గద, వహినీ,” అన్నాడు. ఇక మీదట ఏ వస్తువుకూ కొట్టనని అనలేదు. కొట్టకపోతే ఎవరూ దగ్గరికి రారని అతనికి తెలుసు. పైపును తవ్వి తీసుకుపోతూ, ఆ చోట గుర్తుకు ఒక పుల్ల గుచ్చాడు.

బావి వంతు పాత లెక్కకే వచ్చింది. బావ ఉల్లి సగం పోయింది, మా పసుపు సగం పోయింది. అన్నదమ్ములు మాట్లాడుకునేవాళ్లు గాని అవసరానికే. సమ్మవ్వ అక్క నాతో మాట్లాడేది, మా అత్తకు తల దువ్వేది. ముత్యం ఎదురైతే మాత్రం కొంగు సర్దుకొని గోడ వైపు తిరిగేది. గోడ మీదుగా కూర గిన్నె అందించేటప్పుడు కూడా నా చేతికే. ఆయన చేయి చాస్తే గిన్నె వెనక్కి పోయేది. చలికాలమంతా అట్లాగే గడిచింది.

మాఘంలో పసుపు తవ్వాం. చాలా చోట్ల దుంపలు చిటికెన వేలంత ఉన్నాయి. ముత్యం తవ్వుకుంటూ పోయి, పుల్ల గుచ్చిన చోటికి వచ్చాడు. అక్కడ పార ఆపి, చేతులతో మట్టి తీశాడు. దుంప దుంపకు పిలకలు అల్లుకొని, గంపెడు ఒక్కచోటే బయటపడింది. మా అత్త చెంబు నీళ్లు తాగి ఊరిన దుంప. దాన్ని కడగలేదు, విరవలేదు. మట్టితో సహా తువ్వాల్లో ఎత్తుకొని ఇంటిదారి పట్టాడు. నేను వెనకే నడిచాను.

మా గుమ్మం దాటి, చుట్టూ తిరిగి, అన్న వాకిట్లోకి పోయి నిలబడ్డాడు.

“వదినా.”

లోపల చేట చప్పుడు ఆగింది. కాసేపటికి సమ్మవ్వ అక్క గడప దగ్గరికి వచ్చింది. ఆయనను చూడలేదు. తువ్వాల్లోని దుంపను చూసింది.

“గిది ఎక్కడిది?”

“పైపు కాడిది. నీకే తెచ్చిన.” “నేను గానాడు కండ్లతోని చూడక అన్న వదినా.”

ఆమె లోపలికి పోయింది. ఆయన నిలబడే ఉన్నాడు. మోకాళ్ల దాకా మట్టి. తువ్వాల అంచు నుంచి పచ్చి మన్ను రాలుతోంది. నేను వెనక్కి రమ్మందామనుకునేంతలో, ఆమె చెంబుతో బయటికి వచ్చింది. చేను నుంచి వచ్చిన మనిషికి గుమ్మం దగ్గర కాళ్లకు నీళ్లు ఇవ్వడం మా ఇళ్లల్లో రివాజు. చేతికి ఇవ్వలేదు. మెట్టు దిగి, వంగి, తనే పోయబోయింది.

పోయబోయి ఆగి, ఆ చలికాలంలో మొదటిసారి ఆయన ముఖంలోకి సూటిగా చూసింది.

“ఇగో, పోస్తున్న,” అంది. “ఈసారన్న మంచిగ చూసుకో మరిదీ.”